ఒక్కపొద్దు నాటి మాత్ర

ఈ రోజు శనివారం. బంగారుపాళ్యం దగ్గరి మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పక్కింటి మునెమ్మకు బీపీ బాగా ఎక్కువ చూపించింది. పొద్దున మానేసిన మాత్రను నర్సు వెంటనే వేసుకోమంది. మునెమ్మ దాన్ని చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"ఒక్కపొద్దు గదన్నా, మింగితే చెడిపోదా?"

"నీళ్లు తాగితే చెడనిది, మాత్రకు చెడిపోతాదా?"

"వదిన గూడా శనివారం ఏసుకునేది కాదు గదా?"

"అందుకే చెప్తా ఉండా మునెమ్మా."

నా భార్య అలా మానేస్తోందని పక్షవాతంతో పెద్దాసుపత్రిలో చేర్చాకే మాకు తెలిసింది. ఆమె ఇంటికి తిరిగి రాలేదు.

"స్వామి అడిగితే నీ పేరే చెప్తా" అని మునెమ్మ మాత్ర మింగేసింది.

చెప్పమన్నాను. సాయంత్రం ఆమె వాకిట్లో ఎవరినో గట్టిగా తిడుతుంటే వినడానికి హాయిగా ఉంది.

మీ ఇంట్లో ఒక్కపొద్దు ఉన్నవాళ్లు ఈ రోజు మాత్ర వేసుకున్నారా? అడిగి చెప్పండి.