గాజుపలక వెనక చింతపండు పులుసు

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను ఇక్కడే ఎడ్మంటన్‌లో ఒక ఫిలిప్పీనో హోటలుకు తీసుకెళ్ళింది. గాజుపలక వెనక వరసగా పెట్టిన ట్రేలలో నాకు కావలసిన కూర వైపు వేలు చూపించానో లేదో, "తాతయ్యా, డోంట్ పాయింట్, ఇట్స్ రూడ్" అని నా చెయ్యి కిందికి లాగింది. ఒళ్ళు మండింది. ఈ దేశంలో వేలు చూపించి అన్నం తిన్నవాణ్ణి నేను. అది మర్యాదో కాదో ఈ పిల్ల దగ్గర నేర్చుకోవాలా?

నా తరం వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. ఎనిమిదో తరగతితో బడి మానేసి, వెల్డింగు పని చూసి నేర్చుకుని, ఇంగ్లీషును పాత పత్రికల్లోంచి కూడబలుక్కుని వచ్చినవాణ్ణి. చదివితే అర్థమయ్యేది, ఎదుటివాడు గబగబా మాట్లాడితే సగం జారిపోయేది. అలాంటి నాకు మా వర్క్‌షాపు పక్కనున్న ఫిలిప్పీనో హోటలు దేవుడిచ్చిన చోటు. కూరల పేర్లు తెలియక్కర్లేదు. ట్రే పట్టుకుని వరసలో నడుస్తూ ఇదీ, అదీ అని వేలు చూపిస్తే అన్నం పక్కన వడ్డించేవారు. వడ్డించే ఆవిడను అందరూ ఆతే అనేవారు, అంటే వాళ్ళ భాషలో అక్క. నన్ను ఆవిడ కుయా, అంటే అన్నా అని పిలిచేది. పందీ గొడ్డూ ముట్టనని మొదటిరోజే ఆవిడకు చెప్పుకున్నాను.

ఆ శీతాకాలం నా భార్య ఊరి నుంచి వచ్చింది. వచ్చిన కొద్దినాళ్ళకే నెల తప్పింది. మెతుకు లోపల నిలిచేది కాదు. మనిషి నా కళ్ళముందే చిక్కిపోతోంది. ఆతే చేసే చేపల చింతపండు పులుసు ఒకరోజు డబ్బాలో పట్టుకెళితే, అదొక్కటే ఆమె కడుపులో ఇమిడింది. ఇక రోజూ పట్టుకెళ్ళేవాణ్ణి. ఎవరికోసమని ఆతే అడిగినా నవ్వి ఊరుకున్నాను. మూడో నెల నిండకుండా బయటపెట్టకూడదని మా అమ్మ ఉత్తరంలో మరీమరీ రాసింది.

ఒక మధ్యాహ్నం పులుసు వైపు వేలు చూపిస్తే ఆతే గరిటె ఎత్తలేదు. "నో, కుయా. నాట్ ఫర్ యూ" అని తల అడ్డంగా ఊపి, నా వెనకవాడికి అదే పులుసు పోసింది. అంతకు ముందు వారమే వర్క్‌షాపులో నా అన్నం డబ్బా వాసన వేస్తోందని నన్ను వేరే బల్ల దగ్గర కూర్చోమన్నారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. నువ్వు కూడానా అనిపించింది. ట్రే విసురుగా పెట్టి, "ఐ యామ్ నాట్ ఎ బెగ్గర్!" అని అరిచి బయటికొచ్చాను. వెనక నుంచి పిలుస్తూనే ఉంది, తిరిగి చూడలేదు.

నాలుగు రోజులు ఆ గడప తొక్కలేదు. నా పౌరుషానికి పస్తులున్నది మాత్రం నా భార్య.

ఐదోరోజు నేను పని నుంచి వచ్చేసరికి ఆమె వంటింట్లో కూర్చుని పులుసన్నం తింటోంది. పాత ప్లాస్టిక్ సంచి మీద హోటలు పేరూ వీధీ అచ్చువేసి ఉంటే, దాన్ని బస్సు డ్రైవరుకు చూపించి, ఆ మంచులో, ఇంగ్లీషు ముక్క రాకుండా ఒక్కతే వెళ్ళిందట. నేను రోజూ పట్టుకెళ్ళే డబ్బా బల్ల మీద పెట్టి, ట్రేలో పులుసు చూపించి, తర్వాత తన కడుపు చూపించిందట. ఆతే బల్ల చుట్టూ తిరిగొచ్చి కావలించుకుందట.

"ఆ రోజు చేప దొరక్క పంది ఎముకలు వేసిందటండీ, అందుకే మీకు వద్దంది. ముక్కు పైకి నొక్కి పంది మొహం పెట్టి మరీ చూపించింది నాకు. మర్నాటి నుంచి మీరొస్తారని చేప పులుసు వేరే గిన్నెలో తీసి ఉంచుతోందట, ఆ గిన్నె కూడా చూపించింది, పాపం. మీ కోపం తగలెయ్య, ఎందుకని ఒక్క మాట అడగలేకపోయారా?"

మర్నాడు వెళ్ళాను. సారీ అన్న మాట దారంతా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. నన్ను చూడగానే ఆతే ఏమీ జరగనట్టు డబ్బా నింపి, "బేబీ గుడ్?" అంది. వెనక జనం. రేపు చెబుదాంలే అనుకున్నాను. పాప పుట్టాక చూడ్డానికి ఇంటికొచ్చి, ఎత్తుకుని ఏదో వాళ్ళ భాషలో లాలించింది, అప్పుడూ చెప్పలేదు. తర్వాత నేను ఉత్తరాన చమురు క్యాంపులో పనికి పోయి తిరిగొచ్చేసరికి హోటలు చేతులు మారింది. ఆతే ఎక్కడికి వెళ్ళిందో కొత్తవాళ్ళకు తెలియదు. ఇంకా చెప్పలేదా అని ఏళ్ళ తరబడి నన్ను దెప్పిన నా భార్య కూడా నిరుడు కన్నుమూసింది.

ఇప్పుడు ఈ హోటళ్ళలో ప్రతి ట్రే ముందూ ఒక కార్డు పెడుతున్నారు. అందులో ఏ మాంసం ఉందో, ఎవరికి పడదో అన్నీ రాసి ఉంటాయి. మంచిదే, నాలాంటి మూర్ఖుడికి పొరపాటు జరగదు. ఎవరు ఏం తినరో ఇంకొకరు గుర్తుపెట్టుకోవలసిన పనీ లేదు. కానీ మొన్న నేను కోపగించి తినకుండా లేచి వచ్చేసి ఉంటే, అక్కడ వడ్డించేవాళ్ళలో ఎవరికీ తెలిసేది కూడా కాదు.