రాయి కింద బొగ్గు

ఆయన్ని అందరూ టేపాయన అంటారు. సర్వేయరు ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా లైసెన్సు తీసుకుని కొలతలు కొలుస్తూనే ఉన్నాడు. ఆ పని మీద ప్రేమ ఉండి కాదు. పొద్దున్నే ఎవడో ఒకణ్ణి తిట్టుకోకపోతే ఆయనకు తిన్నది అరగదు. తిట్టుకోవడానికి స్థలాల తగాదాలను మించిన చోటు ఆయనకు దొరకలేదు.

మనుషులంటే రోత పుట్టింది హద్దు రాళ్ల దగ్గరే. పక్కింటివాడు ఆస్పత్రిలో పడితే రాత్రంతా మేలుకుని కాపలా కాసినవాడే, ఆ పక్కింటివాడు లేచి తిరిగొచ్చేలోగా రాయిని జానెడు అవతలకు తోస్తాడు. అదేమిటయ్యా అంటే వానలకు జరిగిందంటాడు. వాన పడ్డప్పుడల్లా రాయి పక్కవాడి వైపే ఎందుకు జరుగుతుందో ఇన్నేళ్లలో ఒక్కడూ ఆయనకు చెప్పలేకపోయాడు.

దస్తావేజులు రాసేవాళ్ల మీదా అంతే మంట. స్థలం మొహం చూడరు. పాత కాగితంలోని నాలుగు దిక్కుల్నీ కొత్త కాగితంలోకి ఎక్కించి చేతులు దులుపుకుంటారు. తూర్పున ఎప్పుడో కూలిపోయిన ఇల్లు, ఉత్తరాన పూడ్చేసిన బావి. కొన్నవాడు ఆ బావి కోసం వెతుక్కుంటూ ఈయన దగ్గరికి వస్తాడు.

అలాంటి మనిషి నెత్తిన సొంత అక్క తగాదా పడింది. ఆయన తండ్రి తమ వీధిలోని స్థలాన్ని, మధ్యలో ఉన్న పాత సర్వే రాయినే హద్దుగా పెట్టి, అక్కకూ చిన్నోడికీ పంచాడు. చిన్నోడంటే ఆఖరి తమ్ముడు. జుట్టు నెరిసినా ఇంట్లో ఆ పిలుపు పోలేదు. పంపకం అయ్యాక బావ తమ వాటాలో హద్దును ఆనుకుని ఒక గది కట్టించాడు. ఆ గదిలోనే అక్క కుట్టుమిషను. బావ కొలువు పోయింది మొదలు ఇల్లు గడిచేది ఆ మిషను మీదే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి ఆవిడ మెడ ఒక పక్కకు వాలిపోయింది.

ఇప్పుడు చిన్నోడు ప్రహరీ కడతానని పునాది తవ్వించాడు. మర్నాడే అక్క వచ్చి కూర్చుంది.

"నా కళ్లారా చూశాన్రా. గడ్డపార పెట్టి రాయి లేపి మా వైపు పాతాడు. ఇవాళ జానెడంటాడు, రేపు గది కూడా నాదేనంటాడు. ఆ గది పోతే నేనేం చేసుకుని బతకాలి?"

"వేరే సర్వేయర్ని పెట్టుకో అక్కా. అయినవాళ్లవి నేను కొలవను."

"వేరేవాడైతే మన చిన్నోడు కాఫీకని పిలిచి కొనేస్తాడు. నువ్వు కొలిస్తే నాకు ధైర్యం."

చిన్నోడూ తలూపాడు, అన్నయ్య ఎంతంటే అంతే అన్నాడు. బావ ఒక్కడే నసిగాడు. "ఎందుకయ్యా ఈ కొలతలు? జానెడేగా, పోనిద్దాం. ఇంట్లోవాళ్ల మధ్య టేపులేమిటి?" టేపాయనకు ఒళ్లు మండింది. పెళ్లాం చెమటోడుస్తుంటే కూర్చుని తినేవాడికి జానెడు లెక్కేముంటుందిలే అనుకున్నాడు.

కాగితాలు తెప్పించి చూస్తే అవీ అలాగే అఘోరించాయి. అక్క కాగితంలో తూర్పున చిన్నోడి స్థలం, చిన్నోడి కాగితంలో పడమర అక్క స్థలం. తాగినవాళ్లిద్దరు ఒకడి భుజం మీద ఒకడు వాలి నిలబడ్డట్టుంది వ్యవహారం. అడుగుల లెక్క ఎక్కడా లేదు. రాసినవాడి వంశాన్నంతా తిట్టుకుని, సర్వే పటం నకలు తెచ్చుకున్నాడు.

తగాదా పడ్డ రాయి దగ్గర ఆయన ఏనాడూ టేపు మొదలుపెట్టడు. వీధి మలుపులో మూడు స్థలాలు కలిసే చోట పాతిన రాయి ఉంది. దాన్ని కదిపితే మూడు ఇళ్లవాళ్లూ మీద పడతారు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. అక్కడి నుంచి పటంలో ఉన్న దూరాలు కొలుచుకుంటూ వచ్చాడు. టేపు రెండో కొస చిన్నోడు పట్టుకున్నాడు. రాయి ఉండాల్సిన చోటు, చిన్నోడు జరిపిన రాయి దగ్గర ఆగలేదు. దాన్ని దాటి అక్క వైపు ఇంకో నాలుగడుగులు పోయి, కుట్టు గది గడప ముందు తేలింది.

ఆయన మళ్లీ కొలిచాడు. అవతలి చివరి నుంచీ కొలిచాడు. అక్కడే తేలింది.

ఇక తవ్వి చూడక తప్పలేదు. పాతకాలం సర్వేయర్లు రాయి పాతేముందు గుంటలో బొగ్గులూ పెంకుముక్కలూ పోసేవాళ్లు. బొగ్గు మట్టిలో కుళ్లదు. రాయిని జరిపేవాడు రాయిని జరుపుతాడే గానీ బొగ్గులు ఏరుకుపోడు. బొగ్గు ఉండకూడదని మొదటిసారి కోరుకుంటూ గడ్డపార వేశాడు. మోచెయ్యి లోతుకు నల్లగా బయటపడింది.

అంటే చిన్నోడు రాయి జరిపిన మాట నిజమే. కాకపోతే వెధవ, దొంగతనం చేస్తున్నాననుకుని తన స్థలంలోనే జానెడు వెనక్కి తెచ్చుకున్నాడు. అంతకుముందెప్పుడో దాన్ని చిన్నోడి వైపు నాలుగడుగులకు పైగా తోసినవాడు ఇంకొకడున్నాడు. గది కట్టడానికి జాగా చాలక తోసుంటాడు. ఆ గది కట్టించిందెవరో తెలిసిందే.

టేపాయన తల తిప్పి చూశాడు. బావ చెప్పులకంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

"ముందే ఏడవొచ్చుగా?"

"కొలతలొద్దని చెప్పానుగా," అన్నాడు బావ గొణుగుతూ.

ఉమ్మేయాలనిపించింది టేపాయనకు. ఎవరి మీద ఉమ్మాలో తెలియలేదు.

చిన్నోడి మొహం వెలిగిపోయింది. "అన్నయ్యా, నీ చేతికి దణ్ణం పెట్టాలి! లోపలికి రా, మీ మరదలు వంట చేసింది." అంటూనే గదిలోకి తొంగిచూసి, ఏ గోడ పడగొట్టాలా అని అంచనా వేస్తున్నాడు.

"ఒరే, గది అక్కకు వదిలెయ్యరా. అది పోతే ఆవిడ గతేంటి?"

"అదేంటన్నయ్యా! టేపుకు చుట్టాలుండరని ఊరంతా చెప్పేది నువ్వేగా?"

టేపాయన ఎర్ర రంగు డబ్బా తెరిచి, దారం లాగి, గడప ముందు నుంచి గోడ మీదుగా గీత గీశాడు. గది రెండు ముక్కలైంది. వెలుతురు వచ్చే కిటికీ, దాని కింద మిషనూ చిన్నోడి వైపు పడ్డాయి. ఇన్నేళ్లూ ఎంతమంది నీచుల స్థలాలు కొలిచినా ఏనాడూ ఇంత మురికి అంటలేదు. తన చేతిని చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

అక్క ఏడవలేదు. మొగుణ్ణి నిలదీయలేదు. ఒక్కసారి గుంటలోని బొగ్గుల్ని చూసింది, ఒక్కసారి ఆయన మొహం చూసింది. లోపలికి పోయి మిషను మీది బట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒరే, దీన్ని గీతకు ఇటు పెట్టాలి. ఆ కొస పట్టు."

టేపాయన వంగి పట్టుకున్నాడు. బరువుగా ఉంది. బావ గబగబా వచ్చి చెయ్యి వేయబోయాడు.

"మీరు ముట్టుకోకండి," అంది అక్క. "ఒకసారి జరిపారుగా, చాలు."