జరిగిపోయే పువ్వు

తమిళనాడు ధర్మపురిలో మా ఇంటికి తెల్లవారగానే కడత్తూరు వైపు తోటల నుంచి మల్లెమొగ్గలు వచ్చేవి. కట్టడం ఆడవాళ్ళ పని. మా పాప ఎనిమిదేళ్ళకే చూడకుండా మూర కట్టేసేది. ఎనభైల నడుమ ఒక ఏడు, బళ్ళు తెరిచిన నెలలో ఆ చెయ్యి తప్పడం మొదలైంది.

పొద్దున లేస్తూనే తలనొప్పి, వాంతి. వాంతయ్యాక మామూలుగా ఆడుకునేది. నులిపురుగులని మందు పోశారు. దిష్టి కూడా తీశాము. మా అత్త ఎగతాళి చేసేది: “బడికి పొమ్మంటే వాంతి, పూలు కట్టమంటే నొప్పి. దీనికొచ్చింది సోమరిరోగమే!”

నేను బడి ముఖం చూడలేదు. నాయన ఇంట్లోనే తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే పంచాంగంలో తిథి పక్కన రోజూ రాసుకున్నాను, నొప్పి ఎప్పుడు, వాంతి ఎప్పుడు అని. ఒకరోజు ఎదురుగా కూర్చుని పాప చేతినే చూశాను. మొగ్గను అందుకోబోయి, దాన్ని దాటి నేలను తడిమింది. మళ్ళీ అంతే.

“నిదానంగా తీసుకో కన్నా.”

“నేనేం చేసేది మా? పువ్వే జరిగిపోతుండాది.”

సోమరితనం కాదని ఆ మాటతో నాకు రూఢి అయింది. పంచాంగం, గుప్పెడు మొగ్గలు పట్టుకుని పాపను పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుకు తెలుగు చదవడం రాదు. “నువ్వే చదివి చెప్పమ్మా” అన్నాడు అరవంలో. చెప్పాను. మొగ్గలు బల్ల మీద పెట్టి పాపను తీసుకోమన్నాను. ఆయన చూసి, తన వేలు చాపి తాకమన్నాడు. పాప చెయ్యి దాన్నీ దాటిపోయింది. చిన్న లైటుతో కళ్ళ లోపల చూశాడు.

“పురుగులు కాదమ్మా, తలలో ఒత్తిడి. ఈరోజే మద్రాసుకు బయలుదేరండి.”

అక్కడ స్కానులో తేలింది: తల వెనక, చిన్నమెదడులో గడ్డ. పిల్లల్లో ఇలాంటివి అరుదేనని, అయినా ఇది మొత్తం తీయగలిగేలా ఉందని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. మా వైపు కొండ మీదుండే తీర్థమలై స్వామిని తలుచుకుని, ఆపరేషను కాగితం మీద తెలుగులో సంతకం పెట్టాను.

గడ్డ మొత్తం వచ్చింది. పరీక్షలో అది చెడ్డది కాదనీ తేలింది. ఆ ఇద్దరు డాక్టర్లకూ నేటికీ దీపం ముందు దండం పెట్టుకుంటాను.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు పాప ముందు మొగ్గలు పోశాను. చెయ్యి ఊగింది, ఆగింది, పట్టుకుంది.

“మా! ఇది జరగలేదు!”

జానెడు దండ కట్టడానికి పూటంతా పట్టింది. అత్త కళ్ళు తుడుచుకుంటూనే, “ఇంత వదులా? స్వామి మెడలో నిలుస్తుందా ఇది?” అంది.

“నిలవకుంటే నీ కొప్పులో పెడతాలే అవ్వా.”

కొప్పుకు ఇవ్వలేదు. ఆ వదులు దండతోనే తీర్థమలై కొండ ఎక్కాము.