మోకాలితో తిరిగిన మిషను

మా అమ్మమ్మను వీధుల్లో అందరూ మిషనమ్మ అంటారు. పరిశోధన సంస్థవాళ్ళు ఇళ్ళకు పనికొచ్చే యంత్రం ఏది తయారుచేసినా, ముందు తిప్పి చూసేదీ, తర్వాత ఇంటింటికీ వెళ్ళి తిప్పి చూపించేదీ ఆవిడే. ఆ ఉద్యోగానికి పాదాల దాకా వచ్చే నీలం కోటు ఒకటి ఇచ్చారు. అందులో అమ్మమ్మ ముడిచిన గొడుగులా ఉంటుంది. ఆ మాట ఆవిడతోనే అన్నాను.

"ఎనిమిదో తరగతి దాటని నోరు కాబట్టి ఊరుకుంటున్నా," అంది.

ఆవిడ చేతిలో అన్నీ తిరిగాయి. పిండిమర తిరిగింది, గింజలు వొలిచే మర తిరిగింది. చూసినవాళ్ళు తలలూపారు, సంస్థ బాగుందంది, ఫ్యాక్టరీ తయారుచేసి పంపింది. ఏడాది తిరిగేసరికి పిండిమరలో ఉల్లిపాయలు పోసుకున్నారు, గింజల మర మీద తడిబట్టలు ఆరేశారు. జనానికి వాడటం చేతకాలేదని సంస్థ తేల్చింది. నేర్పడం తనకే రాలేదేమోనని అమ్మమ్మ అనుకునేది. ఆ వీధుల్లో తల వంచుకుని నడిచేది.

ఆవిడ ఉద్యోగం ఇక ఈ నెలతో సరి. చివరిగా వచ్చింది బట్టలుతికే మిషను. కరెంటు అక్కర్లేదు, పిడి పట్టుకుని తిప్పాలి.

"ఇదొక్కటైనా ఎవరింట్లోనైనా నిజంగా తిరిగితే చాలే. కాళ్ళు బారచాపుకుని కూర్చుంటా," అంటూ దాన్ని అలవాటు కోసం ఇంటికి తెచ్చింది.

ఆవిడ తిప్పితే బుద్ధిగా తిరిగింది. నేను తిప్పితే ఊగి, గెంతి, గుమ్మం దాకా నడిచింది.

"నీవి చేతులా, చీపురుకట్టలా?"

"ఏదీ, నువ్వు తిప్పు," అని నేల మీద చతికిలబడి ఆవిడ కోటు అంచు ఎత్తి చూశాను. ఎడమ మోకాలు మిషనును గోడకేసి నొక్కిపెట్టి ఉంది.

"అమ్మమ్మా, మిషనుతో పాటు నీ మోకాలు కూడా ఇంటింటికీ పంపిస్తారా?"

తిడుతుందనుకున్నాను. తన మోకాలిని పరాయివాళ్ళ వస్తువులా చూసింది. తర్వాత మోకాలు పక్కకు తీసి తిప్పింది. మిషను ఆవిడనూ ఈడ్చుకుపోయింది. 

మర్నాడు ఆ సంగతి సంస్థ ఇంజనీరుతో చెప్పిందట. "నీ చేతిలో బాగానే తిరుగుతోంది కదమ్మా. ఫ్యాక్టరీవాళ్ళు రేపు వస్తున్నారు, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?" అన్నాడట.

ఆ మర్నాడు తిప్పి చూపించడం ఒక పసిబిడ్డ తల్లి ఇంట్లో జరిగింది. మిషను మోసుకెళ్ళింది నేనే. ఇంజనీరూ, ఫ్యాక్టరీ ఆయనా గోడ వారగా నిలబడ్డారు. అమ్మమ్మ నీళ్ళు పోసింది, బిడ్డ గుడ్డలు వేసింది, మూత బిగించింది. పిడి మీద చెయ్యి వేసి, తీసేసింది.

"నువ్వు తిప్పమ్మా," అని ఆ తల్లికి పిడి అప్పగించి, బిడ్డను తను ఎత్తుకుంది.

మిషను గదిలో షికారు చేసింది. మూత ఊడి సబ్బునీళ్ళు ఫ్యాక్టరీ ఆయన బూట్ల మీదికి పోయాయి. ఆయన కోప్పడలేదు. సరిచేశాక కబురు చెయ్యమని వెళ్ళిపోయాడు.

ఇంజనీరు కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నాళ్ళూ నీ దగ్గరే పరీక్షించాం కదమ్మా."

"అక్కడే దెబ్బతిన్నాం నాయనా. నేను జీతం తీసుకుని తిప్పేదాన్ని. ఈ బిడ్డ తల్లి నిద్ర చాలని ఒంటితో తిప్పుతుంది."

"మరి మునుపటివి?"

"వాటినీ ఈ మోకాలే నిలబెట్టి ఉంటుంది." అమ్మమ్మ గొంతు తగ్గింది. "నేర్పడమే నాకు చేతకాలేదనుకుని తిరిగాను."

ఆయన తల పట్టుకున్నాడు. ఆ తల్లే గుడ్డలు పిండుతూ, "ఉతకడం మాత్రం బాగానే ఉతికిందండీ. మిషను కాళ్ళు కాస్త ఎడంగా ఉంటే..." అని ఆగింది.

ఇంజనీరు లేచి వెళ్ళి, తడి నేల మీద ఆ తల్లి పక్కనే కూర్చున్నాడు. "ఎంత ఎడంగా అమ్మా?" అని అడిగాడు.

అమ్మమ్మ బిడ్డను నాకు అందించి, కోటు విప్పి కుర్చీ మీద వేసింది. వీధి మెట్టు మీదికి వెళ్ళి కూర్చుని ఎడమ కాలు చాపింది. మోకాలు టక్కుమంది.

"రెండోది కూడా చాపు," అన్నాను.

"ఉండవే, మిషను ఇంకా తిరగలేదుగా," అంది.