ఒకే కేబుల్ మీద రెండు టేబుళ్ళు

బెంగళూరులో, బెళ్ళందూరు దగ్గరి మా ఆఫీసులో కొత్త ఫోన్లు పెట్టిన రోజు జరిగిన ప్రమాదానికి కేబుల్ మేస్త్రీ కారణమని అందరూ నమ్మారు. అది అబద్ధం. చెప్పింది నేను.

అది రెండు వేల నాలుగో ఐదో సంవత్సరం. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. కంప్యూటర్‌కు అప్పట్లో నాలుగు చాలు. అక్కడ నెట్‌వర్క్ చూసుకునేది నేను. ఆఫీసు తెరిచేటప్పుడు టేబుల్‌కొక కేబుల్ లాగే టైము లేక, నాలుగు చోట్ల మిగిలిన తీగల్ని పక్క టేబుల్‌కు కలపమన్నాను. మేస్త్రీ కాటన్‌పేట మనిషి, మా నాన్న వయసువాడు. నవ్వాడు.

"ఒకే ఇంట్లో రెండు కాపురాలు పెడ్తా ఉండావే! జగడమొస్తే నన్ను పిలవద్దప్పా. యాడాడ కలిపినామో రాసన్నా పెట్టుకో."

నాలుగే కదా, గుర్తుంటాయిలే అనుకున్నాను.

ఏడాది తర్వాత వచ్చిన ఫోన్లకు కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే వెళ్ళాలి. మంచి పరికరమైతే అవతలున్నది ఫోనా కాదా అని ముందు చూసుకుని, ఆ తర్వాతే కరెంటు వదులుతుంది. మేం తెప్పించిన చవక కరెంటు పెట్టెలు ఏదీ చూడవు. మిగిలిన నాలుగు తీగల్లోకి నేరుగా నలభై ఎనిమిది వోల్టులు పంపేస్తాయి. అది తెలిసీ స్విచ్ వేశాను. నాలుగు చోట్ల ఆ తీగలు పక్క టేబుల్ కంప్యూటర్‌కు వెళ్తున్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

కిటికీ పక్కనున్న అమ్మాయి కేక వేసింది. ఆమె కంప్యూటర్ వెనక నుంచి పొగ. పరుగెత్తి అన్నీ ఆపేశాను.

మేనేజర్ వచ్చాడు. "ఎవరు చేశారీ వైరింగ్?"

ఫోన్ల పనికే వచ్చిన మేస్త్రీ అక్కడే ఉన్నాడు. "ఈయనే సార్. నాకు చెప్పలేదు" అన్నాను.

మేస్త్రీ నావైపు చూసి, కాలిన కంప్యూటర్ ప్లగ్గు పీకాడు.

"సరిచేసి వెళ్ళిపో. రేపట్నుంచి ఈ బిల్డింగ్‌లో కనపడొద్దు" అన్నాడు మేనేజర్. "నాలుగింటికి క్లయింట్ కాల్. మూడున్నరకల్లా ఫోన్లు ఆన్ అవ్వాలి."

"ఇంకా యాడ ఉండాయో చెప్పండి సార్, తీసేస్తా" అని మేస్త్రీ నన్నడిగాడు.

చెబితే నాకు ముందే తెలుసని బయటపడుతుంది. "నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

ఆయన ఒక్కో టేబుల్ కిందకీ దూరి, సాకెట్లు విప్పి చూడసాగాడు. కాలినది కాక ఇంకో రెండు దొరికాయి. నాలుగోది ఎక్కడుందో అప్పటికి నాకు గుర్తొచ్చింది. ఆ టేబుల్ దగ్గర ఒకతను కంప్యూటర్ వెనక చేయి పెట్టి ఏదో వైరు సర్దుతున్నాడు. అయినా చెప్పలేదు.

మూడున్నరకు మేనేజర్ నన్ను స్విచ్ వేయమన్నాడు. మేస్త్రీ నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"అప్పా, ఇంకొకటి ఉండాది కదా?"

తలతో చూపించాను. చోటు తెలిసే దాచానని ఆయనకు అర్థమైంది. వెళ్ళి, ఆ మనిషిని పక్కకు జరగమని, మోకాళ్ళ మీద కూర్చుని తీగలు విడదీశాడు.

స్విచ్ వేశాను. ఏదీ కాలలేదు. ఆయన సంచి భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడుస్తున్నాడు. ఒక్క పిలుపు చాలు, నిజం చెప్పేయొచ్చు. మేనేజర్ నా పక్కనే ఉన్నాడు. నేను పిలవలేదు.