తెరచాప ఫెళ్ళుమన్న వేళ

సైన్యం నుంచి రిటైరై వచ్చి, గోపాలపట్నంలో ఒక అపార్ట్‌మెంటుకి సెక్యూరిటీ గార్డుగా చేరాను. ఎవరితోనూ కలవడం లేదని మా ఆవిడ పోరితే, నాలాంటి మాజీ సైనికుల్ని తెరచాప పడవలో సముద్రం మీదకి తీసుకెళ్ళే బృందంలో చేరాను. మాజీ సైనికులం ఐదుగురం. చుక్కాని పట్టేది ఎల్లాజీ, తరతరాలుగా చేపల వేటకెళ్ళే కుటుంబంవాడు.

ఆ ఉదయం డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక ఆకాశం మసి పూసినట్టు నల్లబడింది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.

"ఏటి బావా, ఇలగుంది?" అన్నాను.

"ఎటేపునుంచో వచ్చి కొడతాది. కాసుకోండి," అన్నాడు ఎల్లాజీ.

అన్నంతలోనే గాలి ఎదురు తిరిగింది. తెరచాప తుపాకీ పేలినట్టు ఫెళ్ళుమంది. మరుక్షణం ఐదుగురం తలలు చేతుల్లో దాచుకుని బోర్లా పడి ఉన్నాం, అదీ అందరం ఒకే పక్క. పడవ ఒరిగిపోయింది. నీళ్ళు లోపలికి దూకాయి.

"లెగండి! తుపాకీ కాదు, తెరసాప! అటేపు ఎల్లండి, మునిగిపోతన్నాం!" ఎల్లాజీ అరిచాడు.

లేవాలని తెలుసు. ఒళ్ళు మాట వినలేదు. చివరికి పాక్కుంటూ అటు చేరితే పడవ మెల్లగా నిలబడింది.

ఒడ్డుకొచ్చాక ఎవరూ నవ్వలేదు. కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడేది నేనొక్కడినే అని అంతవరకూ సిగ్గుపడేవాణ్ణి.

దీపావళి దగ్గరకొస్తోంది. పండగ సాయంత్రం టపాసులు వినబడనంత దూరం తీసుకెళ్ళమని ఎల్లాజీని అడిగాం. అతను చాలాసేపు ఆకాశంకేసి చూసి, "సూద్దాం బావా" అన్నాడు.