కృపావతి నేర్పిన ఎలుగు

“టీచరమ్మా, నువ్వెప్పుడైనా ఎలుగుని సూసేవేటి?”

అడిగింది స్వర్ణ, ఐదేళ్ల గుంట. డుంబ్రిగుడ మండలంలోని ఒక కొండ ఊళ్లో, అంగన్‌వాడీలో, డిసెంబరు పొద్దున. టీచరు కృపావతి చేతిలో ఎవరో దాతలు పంపిన కొత్త బొమ్మల పుస్తకం ఉంది. మైదానం నుంచి వచ్చిన సూపర్‌వైజరు ప్రసన్న పక్కన కుర్చీలో కూర్చుని ఫోనులో వీడియో తీస్తోంది.

కృపావతి ఎలుగుల్ని చూసింది. హుకుంపేట వైపు కొండల్లో పుట్టిన మనిషి. తండ్రి వీపు మీద ఎలుగు గోళ్లు గీసిన గీతలు నాలుగు. నాలుగు దాకా అంకెలు ఆమె వాటి మీదే నేర్చుకుంది. పదో తరగతి పాసై, పదకొండేళ్లుగా ఇక్కడి పిల్లలకి అన్నం, గుడ్డు, అక్షరాలు పెడుతోంది. అయినా ఆ వేళ ఒకసారి ఫోను కేసి చూసి, “లేదమ్మా, పుస్తకంలో ఏముందో విను” అంది. కొండమనిషిగా వీడియోలో కనబడటం ఇష్టం లేకపోయింది.

పుస్తకంలో ఉన్నది గోధుమరంగు ఎలుగు. మంచుదేశాల జంతువు. భుజాల మీద మూపురం ఉంటుంది. ఏట్లో నిలబడి చేపలు పడుతుంది. చలి ముందు తిని తిని కొవ్వెక్కి, చలికాలమంతా గుహలో నిద్రపోతుంది. పిల్లల్ని కూడా ఆ గుహలోనే కంటుంది. అన్నీ నిజాలే, తప్పు పుస్తకం మీదికి నెట్టే వీల్లేదు. మన కొండల నల్ల ఎలుగు అలా పడుకోదు. ఎంత చలిలోనైనా చెదపుట్టలు తవ్వుకుంటూ, రేగుపళ్లు ఏరుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఈ ముక్క కృపావతికి తెలుసు, చెప్పలేదు.

“మా యవ్వ పోయినేడు సలికాలంలోనే సూసిందంట,” స్వర్ణ వదల్లేదు.

“మీ యవ్వ నల్లకుక్కని చూసుంటుంది.”

ప్రసన్న నవ్వింది. పిల్లలూ నవ్వారు. ఆ తర్వాత ఆటపాట. “చలికాలం వచ్చింది, ఎలుగు బజ్జుంది” అని, అందరూ పెదాల మీద వేలు పెట్టి “ష్!”

జనవరిలో కొండచీపుళ్ల కోత మొదలైంది. ఆడవాళ్లు కొడవలితో సత్తుగిన్నె మీద కొడుతూ, కేకలేసుకుంటూ కొండెక్కుతారు. ఇదేం పూజ కాదు. మనిషి వస్తున్న సంగతి ముందే తెలిస్తే ఎలుగు తప్పుకుంటుంది, అంతే. ఒక ఆదివారం స్వర్ణ అవ్వ సోములమ్మ మనవరాల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. పెద్ద బండల దగ్గరికి రాగానే గుంట గిన్నె లాగేసుకుంది.

“ష్! కొట్టకే అవ్వా. ఎలుగు బజ్జుంది, లెగిసిపోద్ది.”

“ఎవులు సెప్పేరే?”

“టీచరమ్మ.”

బడి గడప తొక్కని సోములమ్మ, టీచరమ్మ మాట కదా అని గిన్నె గంపలో పడేసింది. ఎలుగు బండ వెనకే ఉంది. స్వర్ణకి ఏమీ కాలేదు. సోములమ్మ కుడిచేతి మూడు వేళ్లు ఇక ముడుచుకోవు.

మూడు వారాల తర్వాత స్వర్ణ అంగన్‌వాడీకి వచ్చింది. ఎలుగు పాట వచ్చినప్పుడు అందరూ పెదాల మీద వేలు పెట్టారు, ఆ పిల్ల పెట్టలేదు.

“అది బజ్జోలేదు టీచరమ్మా. నాను అవ్వని గిన్నె కొట్టనివ్వలేదు.”

కృపావతి పాట ఆపేసింది. సాయంత్రం సోములమ్మ గుమ్మం ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఇన్నేళ్ల టీచరు భాష ఎటుపోయిందో, పుట్టింటి మాటే వచ్చింది.

“అవ్వా, నానూ సూసేను ఎలుగుని. మా నాయిన ఈపు మీద గీతలున్నాయి. అన్నీ తెలిసే అబద్దమాడేను.”

సోములమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఆమె కేసి చూసింది.

“అయితే నాను సూసింది కుక్క కాదంటావు?”

“ఎలుగే అవ్వా,” అంది కృపావతి.

“కుక్కకి ఇంతేసి గోళ్లుంటాయేటే, సదువుకున్నదానివి?”

మర్నాడు కృపావతి పిల్లల ముందు పుస్తకం మళ్లీ తెరిచింది. మంచుదేశపు ఎలుగు ఇది, మన ఎలుగు వేరు, మనది పడుకోదు, నేను తప్పు చెప్పాను అంది. తండ్రి వీపు సంగతీ చెప్పింది. గిన్నెలూ గరిటెలూ తెప్పించి అందరిచేతా మోగించింది. వీడియో తీసేవాళ్లెవరూ లేరు. పాత వీడియో తీసెయ్యమని ప్రసన్నకి ఫోను చేస్తే, “ఎందుకండీ, గ్రూపులో అందరికీ నచ్చింది!” అంది.

పశ్చాత్తాపంతో తప్పు కడుక్కుపోతుందనేవాళ్లు ఒకసారి వచ్చి సోములమ్మ చెయ్యి చూసిపోవచ్చు. ఆ చేత్తో ఈ ఏడాది చీపుళ్లు కోయడం కుదరలేదు. కోతకి ముందే సంత వ్యాపారి దగ్గర ఆమె తీసుకున్న బయానా రెండు వేలు. అది తాను తీరుస్తానని కృపావతి ఒప్పుకుంది. తొమ్మిది వందలు కట్టింది. పదకొండు వందలు ఇంకా బాకీ.